బీఎంఐ 24: యాప్ ‘నార్మల్’ అంటోంది, డాక్టర్ ‘బరువు తగ్గండి’ అంటున్నారు.. ఏది నమ్మాలి?

ఎత్తు 165 సెంటీమీటర్లు. బరువు 66 కిలోలు. ఈ లెక్కన బీఎంఐ 24.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) సాధారణ పట్టికను వాడే యాప్‌లో ఈ వివరాలు కొడితే ‘నార్మల్’ అని చూపిస్తుంది. అదే మనిషి మన దగ్గర షుగర్ డాక్టర్ ముందు కూర్చుంటే ‘బరువు కాస్త ఎక్కువే ఉంది’ అని చెప్పే అవకాశం ఉంది.

ఇద్దరి లెక్కా సరైనదే. వారు వాడే హద్దులే వేరు. ఈ తేడా తెలియకపోతే, నార్మల్ అనే మాట పట్టుకుని షుగర్, బీపీ పరీక్షలను ఏళ్ల తరబడి వాయిదా వేసే ప్రమాదం ఉంది.

బీఎంఐ అంటే ఏమిటి?

బాడీ మాస్ ఇండెక్స్. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె.

బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలో ఈ నిష్పత్తిని గుర్తించారు. ఆయన వైద్యుడు కాదు. సగటు మనిషి ఎలా ఉంటాడన్నది లెక్కగట్టడమే ఆయన ఉద్దేశం. 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు.

అంటే, ఈ కొలత పుట్టింది జనాభా లెక్కల కోసం. ఒక మనిషికి జబ్బు ఉందో లేదో ఇది తేల్చదు. ఎవరికి మరికొన్ని పరీక్షలు అవసరమో జల్లెడ పట్టడానికి పనికొస్తుంది. ఖర్చు లేకపోవడం, బరువు తూచే మెషీన్, ఎత్తు కొలిచే టేపు ఉంటే చాలడం దీని బలం.

రెండు హద్దులు ఎందుకు?

డబ్ల్యూహెచ్‌ఓ సాధారణ పట్టిక ప్రకారం..

- 18.5 కంటే తక్కువ: తక్కువ బరువు
- 18.5 నుంచి 24.9: సాధారణం
- 25 నుంచి 29.9: అధిక బరువు
- 30, ఆపైన: ఊబకాయం

ఆసియా వాసుల్లో ఇంతకంటే తక్కువ బీఎంఐ దగ్గరే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతోందని డబ్ల్యూహెచ్‌ఓ నిపుణుల బృందం 2004లో తెలిపింది. అంతర్జాతీయ పట్టికను మార్చకుండానే, 23, 27.5 అంకెలను అప్రమత్తం కావాల్సిన స్థాయులుగా సూచించింది. భారత వైద్య నిపుణులు 2009లో ఇంకాస్త ముందుకెళ్లారు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అన్నారు.

165 సెంటీమీటర్ల ఎత్తున్న వారికి 23 అంటే సుమారు 62.6 కిలోలు. 25 అంటే 68 కిలోలు. ఈ ఐదున్నర కిలోల మధ్య ఉన్నవారికే ‘నార్మల్’ అన్న మాట తప్పుడు ధీమా ఇస్తుంది.

ఒకే బీఎంఐ, రెండు రకాల శరీరాలు

పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ 2004లో తమ శరీరాలనే ఉదాహరణగా చూపుతూ లాన్సెట్‌ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉంది.

బీఎంఐకి కండ ఏదో, కొవ్వు ఏదో తెలియదు. ఆ కొవ్వు తొడల దగ్గర ఉందా, పొట్టలో కాలేయం చుట్టూ ఉందా అన్నది అసలే తెలియదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన శరీరం మన ఇళ్లలో కొత్త కాదు. అలాంటి వారిని ఈ అంకె సులువుగా వదిలేస్తుంది. జిమ్‌లో కండలు పెంచిన వారిని మాత్రం ‘అధిక బరువు’ జాబితాలో వేస్తుంది. వృద్ధుల్లో కండ కరిగిపోయినా బరువు మారకపోవచ్చు. గర్భిణులకు ఈ లెక్క వర్తించదు. పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలు ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశంలో 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఈ సర్వే వాడింది 25 హద్దు. 23 నుంచి లెక్కిస్తే ఈ శాతాలు ఇంకా పెరుగుతాయి.

అదే సర్వేలో తెలంగాణ మహిళల్లో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 14.8 శాతం మంది బీఎంఐ 18.5 కంటే తక్కువ. ఇదీ తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. పోషకాహార లోపం ఉన్నవారికి టీబీ ముప్పు ఎక్కువ.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మరో విషయం చెప్పింది. దేశంలో బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్న పెద్దలు 28.6 శాతం అయితే, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్నవారు 39.5 శాతం. అంటే బీఎంఐ ఒక్కటే చూస్తే చాలామంది లెక్కలోకి రావడం లేదు.

ఆశా కార్యకర్త టేపు ఎందుకు తెస్తారు?

30 ఏళ్లు దాటిన వారికి జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమంలో భాగంగా ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో (సీబాక్) ముప్పు మార్కులు వేసేది బీఎంఐకి కాదు, నడుము చుట్టుకొలతకు. మహిళలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, కుటుంబంలో బీపీ, షుగర్ చరిత్రకూ మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే పరీక్షలకు ముందుగా పంపాలి. బీపీ, షుగర్ పరీక్షలు మాత్రం మార్కులతో సంబంధం లేకుండా 30 దాటిన అందరికీ ఉద్దేశించినవే. ఇంటికి ఎవరూ రాకపోతే దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో, బస్తీ దవాఖానాకో వెళ్లి అడగొచ్చు.

నిపుణులూ ఇటే మొగ్గుతున్నారు. బీఎంఐ ఒక్కదానితో ఊబకాయాన్ని నిర్ధారించకూడదని, నడుము వంటి మరో కొలతా ఉండాలని 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ సూచించింది.

మీరేం చేయాలి?

బీఎంఐతో పాటు నడుమూ కొలవండి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో టేపు పెట్టాలి. పొట్ట లోపలికి పీల్చకుండా, ఊపిరి వదిలాక చూడాలి. ప్యాంటు సైజును నమ్మొద్దు. చాలామంది దాన్ని పొట్ట కిందకు కడతారు. నడుము కొలత ఎత్తులో సగానికి మించకూడదన్నది మరో తేలిక లెక్క.

బీఎంఐ 23 దాటినా, నడుము హద్దు దాటినా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. అవి బాగుంటే బరువు మీద దృష్టి పెట్టండి. అధిక బరువు ఉన్నవారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడతాయి. 80 కిలోలున్నవారికి అది 4 నుంచి 8 కిలోలు. రెండు అంకెలూ హద్దులోనే ఉన్నా, 30 దాటితే పరీక్షలు మానొద్దు. ప్రయత్నమేమీ లేకుండా బరువు తగ్గిపోతుంటే, బీఎంఐ ఎంతున్నా వెంటనే డాక్టర్‌ను కలవాలి.