నాలుగు చక్రాలు తోస్తే ఏంటి, రెండు తోస్తే ఏంటి?

"అన్నా, ఎం340ఐ గొప్పదా, ఎం2 గొప్పదా? మా రూమ్‌లో నెల రోజులుగా ఇదే గొడవ" అంటూ అమీర్‌పేటలోని ఓ హాస్టల్ నుంచి మెసేజ్ వచ్చింది. పగలంతా సాఫ్ట్‌వేర్ కోర్సు, రాత్రి పడుకునే ముందు యూట్యూబ్‌లో డ్రాగ్ రేసులు. రూమ్‌లో నలుగురు. ఇద్దరిది ఆల్ వీల్ డ్రైవ్ పార్టీ, ఇద్దరిది రియర్ వీల్ డ్రైవ్ పార్టీ. నలుగురికీ కలిపి ఉన్న బండి ఒక పాత స్ప్లెండర్. అందులో తప్పేం లేదు. కోటి రూపాయల కారు గురించి వాదించుకోవాలంటే చేతిలో కోటి ఉండాలని రూలు పెడితే, ఈ కాలమ్ ఎప్పుడో మూతపడేది.

కానీ మెసేజ్ చివర్లో ఒక మాట ఉంది. "ఆల్ వీల్ డ్రైవ్ అయితే వానలో కూడా టెన్షన్ లేకుండా కొట్టొచ్చు కదా అన్నా" అని. ఈ వారం నా మాటలన్నీ దాని గురించే.

ముందు వాళ్ల పంచాయితీ తేల్చేద్దాం. బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ మన దగ్గరికి 2021 మార్చిలో వచ్చింది. చెన్నై ప్లాంట్‌లో బిగించిన కారు, అప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 62.90 లక్షలు. 3 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, 387 హెచ్‌పీ, 500 న్యూటన్ మీటర్ల టార్క్, నాలుగు చక్రాలకీ పవర్. ఇప్పటి ఎం2 2023లో వచ్చింది. పూర్తిగా దిగుమతి, అప్పటి ధర 98 లక్షలు. అదీ 3 లీటర్లే, అదీ ఆరు సిలిండర్లే, కాకపోతే టర్బోలు రెండు. వచ్చినప్పుడు 460 హెచ్‌పీ, 550 న్యూటన్ మీటర్లు, మొత్తం వెనక రెండు చక్రాలకే. 0 నుంచి 100కి ఎం340ఐ 4.4 సెకన్లు. ఎం2 ఆటోమేటిక్ అయితే 4.1, మాన్యువల్ గేర్లదైతే 4.3.

ఈ లెక్క ఇంకోసారి చూడండి. రెండు కార్ల బరువులో పెద్ద తేడా లేదు. ఒకదానికి 73 గుర్రాలు ఎక్కువ. అయినా ముందుకెళ్లింది 0.1 నుంచి 0.3 సెకన్లే. మిగతా గుర్రాలు ఏమయ్యాయి? టైర్ల దగ్గర క్యూలో నిలబడ్డాయి. రెండు టైర్లు 550 న్యూటన్ మీటర్లను రోడ్డు మీద పెట్టలేక కాసేపు తన్నుకుంటాయి. నాలుగు టైర్లకి ఆ బాధ తక్కువ. కాబట్టి సిగ్నల్ దగ్గర నుంచి లేచే వేగానికి, అదీ రూపాయి రూపాయి చూసుకుంటే, ఆల్ వీల్ పార్టీ గెలిచింది. బిర్యానీ పందెం ఉంటే ఇప్పించుకోండి.

రియర్ వీల్ డ్రైవ్ మనకి పరాయిదేం కాదు. అంబాసిడర్ వెనక చక్రాలతోనే నడిచింది. మారుతి ఓమ్ని కూడా అంతే. ఎస్ఆర్ నగర్ నుంచి మైత్రీవనం దాకా షేర్ ఆటో ఎక్కితే మీరు ఎక్కింది రియర్ వీల్ డ్రైవే. మీ స్ప్లెండర్ కూడా. తడిసిన జీబ్రా గీతల మీద ఒక్కసారి గట్టిగా ఎక్సలేటర్ తిప్పి చూసినవాళ్లకి (చూడకండి) వెనక చక్రం ఎలా పక్కకి జారుతుందో తెలుసు. ఆ జారుడుని నాలుగు వందల గుర్రాలతో హెచ్చవేస్తే వచ్చేది ఎం2.

కదిలేటప్పుడు బరువు వెనక్కి పోతుంది. ఆర్టీసీ బస్సు ఒక్కసారి లాగితే నిలబడ్డవాళ్లంతా వెనక్కి తూలతారు కదా, కారు బరువు కూడా అలాగే వెనక టైర్ల మీద వాలుతుంది. అందుకే వెనక చక్రాలతో తోయడం మంచి ఆలోచన. ముందు చక్రాలకి స్టీరింగ్ పని ఒక్కటే మిగులుతుంది. స్టీరింగ్ చేతిలో శుభ్రంగా, తేలిగ్గా ఉంటుంది. ఎం2 నడిపినవాళ్లు దాని గురించి ప్రేమలేఖలు రాసేది ఇందుకే.

కానీ టైరుకి ఉన్న పట్టు నెల జీతం లాంటిది. మలుపు తిరగడానికి ఖర్చుపెట్టగా మిగిలిందే తోయడానికి. మలుపులో జీతం మొత్తం అయిపోయాక మీరు ఎక్సలేటర్ తొక్కితే వెనక టైర్లు అప్పు చేస్తాయి, అంటే తోక బయటికి వస్తుంది. టర్బో ఉంటే ఇంకో చిక్కు. టర్బో తిరిగేది ఇంజిన్ పొగ వదిలే ఒత్తిడితో. మీరు తొక్కిన క్షణానికి, అది పుంజుకుని గాలిని ఇంజిన్‌లోకి కుక్కే క్షణానికి మధ్య చిన్న ఆలస్యం. తొక్కింది మలుపు మొదట్లో, పవర్ వచ్చేది మలుపు మధ్యలో.

1975లో వచ్చిన పోర్షే 911 టర్బో ఈ ఆలస్యంతోనే పేరు మోసింది. 260 హెచ్‌పీ, ఒకే పెద్ద టర్బో, ఇంజిన్ వెనక ఇరుసుకి కూడా వెనకాల. 'విడోమేకర్' అని పేరు పెట్టారంటే ఎంతమందిని భయపెట్టిందో ఊహించుకోండి. పోర్షే ఏం చేసింది? 1995లో వచ్చిన 911 టర్బోకి రెండు చిన్న టర్బోలు పెట్టి, నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చింది. వెనక చక్రాల రకాన్ని మాత్రం పారేయలేదు. జీటీ2 అని పేరు మార్చి రేస్ ట్రాక్ పిచ్చి ఉన్నవాళ్లకి అమ్మింది. ఒకే కుటుంబంలో అన్నదమ్ములు, ఒకడు ఆఫీసుకి, ఒకడు గోదాలోకి. ర్యాలీల్లో ఈ గొడవ ఇంకా ముందే తేలిపోయింది. 1980లో ఆడి క్వాట్రో వచ్చాక, వెనక చక్రాల కారుతో ప్రపంచ ర్యాలీ కంపెనీల టైటిల్ కొట్టిన చివరిది 1983లో లాన్సియా 037. మట్టిలో, మంచులో ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

ఇక మన వాన సంగతి.

కాగితం మీద నేను వేసిన మోటు లెక్క ఇది. సగం బరువు వెనక ఉన్న కారు, వెనక చక్రాలతో మాత్రమే తోస్తే, పొడి రోడ్డు ఇచ్చే మొత్తం పట్టులో 62 శాతం దాకా వాడుకోగలదు. తడి రోడ్డు మీద బరువు అంతగా వెనక్కి వాలదు కాబట్టి ఆ వాటా 57కి పడిపోతుంది, పైగా పట్టే తక్కువ. ఆల్ వీల్ డ్రైవ్ దాదాపు మొత్తం వాడుకుంటుంది. వానలో తేడా అందుకే అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బ్రేకు తొక్కినప్పుడు? రెండు కార్లకీ నాలుగు చక్రాలకీ బ్రేకులే. రెండూ వంద శాతం వాడుకుంటాయి. దసరాకి నిమ్మకాయలు కూడా రెండింటికీ నాలుగేసి పెడతాం. ఆపడంలో ఆల్ వీల్ డ్రైవ్‌కి ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. అదే లెక్కలో గంటకి 60 మీద బ్రేకు కొడితే మంచి టైర్లతో పొడి రోడ్డు మీద ఆగడానికి సుమారు 18 మీటర్లు, తడిలో 28. మీ బుర్ర విషయం గ్రహించి కాలు కదిపే ఒక సెకనులో ఇంకో 17 మీటర్లు. 80 మీద తడిలో 50, దానికి 22 కలపండి.

ఇప్పుడు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు రండి. మెట్రోలో ఒక్క స్టేషన్. కింద రోడ్డు మీద మాత్రం వాన మొదలైన మొదటి పది నిమిషాల్లో రకరకాల నేలలు. అంత పెద్ద అమీర్‌పేట స్టేషన్ కింద రోడ్డు ఇంకా పొడిగానే ఉంటుంది. నీడ దాటగానే తడి, ఆ తడి కింద రోజంతా పేరుకున్న దుమ్ము, బండ్లు కార్చిన ఆయిల్. గట్టి వాన అయితే మైత్రీవనం దగ్గర మోకాలి లోతు నీళ్లు. ముందుకెళ్తే సిగ్నల్ దగ్గర నునుపుదేలిన తెల్లగీతలు, ఫ్లైఓవర్ ఎక్కితే ఇనుప జాయింట్లు. నిమ్స్‌కి వెళ్లే అంబులెన్స్ వెనక నుంచి, రోడ్డు దాటే కోచింగ్ పిల్లలు పక్క నుంచి.

ఈ రోడ్డు మీద వెనక చక్రాల టర్బో కారు మీతో మాట్లాడుతుంది. సిగ్నల్ పడగానే కాస్త తొక్కితే తోక చిన్నగా కదులుతుంది, డాష్‌బోర్డ్ మీద ట్రాక్షన్ కంట్రోల్ పసుపు లైటు టకటకా కొట్టుకుంటుంది. అప్పటికి మీ వేగం 20 కూడా ఉండదు. "బాబూ, రోడ్డు జారుతోంది" అని కారు చెప్పేసింది. ఎంత మొండివాడైనా కాలు వెనక్కి తీస్తాడు.

ఆల్ వీల్ డ్రైవ్‌లో అదే సిగ్నల్, అదే వాన, అంతే తొక్కితే ఏమీ జరగదు. జారుడు లేదు, లైటు లేదు. రోడ్డు పొడిగా ఉన్నట్టే కొన్ని సెకన్లలో 80 దాటుతారు. రోడ్డు జారుతోందన్న కబురు మీకు మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడు, లేదా స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతున్నప్పుడు. అప్పుడు ముందుచక్రాలకి జీతం లేదు. "టెన్షన్ లేకుండా" అన్నాడు చూశారా మా వాడు, ఆ మాట నిజమే. నన్ను భయపెట్టేదీ అదే. ఆ టెన్షనే కదా కాలు తీయించేది!

2017 మే 10 తెల్లవారుజామున జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో ఒక మెర్సిడెస్ ఏఎంజీ జీ63 మెట్రో పిల్లర్‌ని ఢీకొట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి ఒకరి కొడుకు, అతని స్నేహితుడు చనిపోయారు. ఆ బండికి 5.5 లీటర్ల ట్విన్ టర్బో వీ8, ఎప్పుడూ నాలుగు చక్రాలకీ అందే పవర్, ఎడారిలోంచి కూడా బయటపడేసే డిఫరెన్షియల్ లాకులు. కదిలించే సరంజామాలో దానికి లోటంటూ లేదు. ఆ పిల్లర్ల వరుసే యూసుఫ్‌గూడ, మధురానగర్ మీదుగా మన అమీర్‌పేట దాకా వస్తుంది. అంతకు ముందు ఏడాది, 2016 జులై 1న, పంజాగుట్ట దగ్గరే తాగి నడుపుతున్న విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదురు వైపు వెళ్తున్న ఇంకో కుటుంబం కారు మీద పడింది. ఒక చిన్నారి ప్రాణం కూడా పోయింది. ఎదుటి కారులో కూర్చున్నవాళ్లకి మీ బండిని ఏ చక్రాలు తోస్తున్నాయన్నది ఏం ఉపయోగం?

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ రేసు గుర్తుందా? పంజాగుట్ట నుంచి కూతవేటు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ట్రాఫిక్ జామ్‌లు తిట్టుకోవడంలో పడి చాలామంది చూడని విషయం ఒకటుంది. ఆ జెన్3 కార్లకి ముందు ఇరుసు మీద కూడా మోటార్ ఉంది. కానీ ఆ సీజన్‌లో దాన్ని తోయడానికి వాడనివ్వలేదు. వేగం తగ్గించేటప్పుడు కరెంటు వెనక్కి లాక్కోవడానికే, అంటే బ్రేకు పనికే దాని వాడకం. తోసేవి రెండు చక్రాలు, ఆపేవి నాలుగు. ముందు మోటార్‌తో కూడా తోయడానికి ఆ తర్వాత 2024-25 సీజన్‌లో అనుమతిచ్చారు, అదీ రేసు మొదట్లో, అటాక్ మోడ్‌లో, క్వాలిఫయింగ్ చివరి పోటీల్లో మాత్రమే.

మరి నాకిస్తే ఏది తీసుకుంటాను? మూడు కాలాలూ ఒకే కారు అయితే ఎం340ఐ. నాలుగు తలుపులు, అమ్మానాన్నని వెనక కూర్చోబెట్టొచ్చు, వానలో వరంగల్ హైవే ఎక్కొచ్చు. ఆదివారం తెల్లవారుజామున మాత్రమే నడిపే కారు అయితే మాన్యువల్ ఎం2, రెండో ఆలోచన లేదు. నాలుగు సిలిండర్లలో 421 హెచ్‌పీ ఉన్న ఏఎంజీ ఏ45 ఎస్ కూడా ఉంది కదా అంటారు. 3.9 సెకన్ల రాకెట్, కాదనను. కానీ అది నాకు వీడియో గేమ్‌లా అనిపిస్తుంది.

ఈ రూమ్‌మేట్లలో ఎవరికో ఐదేళ్ల తర్వాత మంచి ప్యాకేజీ వస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిదొకటి కొంటారు. వాళ్ల కోసం ఒక సంగతి. ఆల్ వీల్ డ్రైవ్ కారులో టైర్లు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కంపెనీ చెప్పిన సైజులే ఉండాలి, అరుగుదల దగ్గర దగ్గరగా ఉండాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేస్తే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి, ముందుకీ వెనక్కీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ పాడవుతుంది. ఆ బిల్లు చూస్తే నిద్ర పట్టదు. ఎం2కి ఆ బాధ లేదు కానీ ముందు 19 అంగుళాలు, వెనక 20 అంగుళాల రిమ్ములు, టైర్లు వేర్వేరు సైజులు, వెనకవి త్వరగా అరుగుతాయి.

కారు చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ ఎత్తకండి, కూర్చుని టైరు పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు చదవండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైన టైరు. నాలుగు టైర్లూ చదవండి, స్టెప్నీ ఉంటే అది కూడా. ఐదారేళ్లు దాటి రబ్బరు గట్టిపడితే, గాట్లు ఎంత లోతున్నా తడిలో పట్టు ఉండదు. అమ్మేవాడు "తక్కువే తిరిగింది సార్, టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయి" అంటే, నాలుగు కొత్త టైర్ల ధర ఎంతో ఫోన్‌లో చూసి, అంత తగ్గించమని అడగండి.