తీర్పుకు ముందు విచారణ: వాడిన హైబ్రిడ్ వాహనంలో కుదుపు



వాడిన హైబ్రిడ్ వాహనం కొన్న కుటుంబాల నుంచి ఇటీవల మాకు ఒకే విధమైన ప్రశ్న పదేపదే వస్తోంది. బండి కొని నెల తిరగకముందే నడకలో కుదుపు మొదలైంది, మెకానిక్ ఒక చుట్టు తిప్పి చూసి "గేర్‌బాక్స్ పోయింది, మార్చాల్సిందే" అన్నాడు, ఇప్పుడేమి చేయాలి? ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో, అది చాలక బంధువుల వద్ద తీసుకున్న చేబదులుతో కొన్న బండి అది. దానిపై మళ్లీ పెద్ద ఖర్చు పడితే ఆ ఇంట్లో పిల్లల ఫీజులు, పెద్దల మందులు వెనక్కు పోతాయి.

మేము యంత్రవిద్య అభ్యసించిన వారము కాము. పని తెలిసిన వారిని అడిగి గ్రహించిన దానిని క్రమంగా మీ ముందు ఉంచుతున్నాము. ఖాజీ ఎదుటకు వచ్చిన ఫిర్యాదు ఎంత బలమైనదైనా, సాక్ష్యం వినకుండా ఆయన తీర్పు చెప్పడు. కుదుపు కూడా ఒక ఫిర్యాదు మాత్రమే. అది వినబడగానే గేర్‌బాక్స్‌ను దోషిగా నిలబెట్టడం సాక్ష్యం లేని తీర్పు అవుతుంది.

మొదటి ప్రశ్న: అది ఏ హైబ్రిడ్?

మన మార్కెట్‌లో 'హైబ్రిడ్' అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. 2022లో వచ్చిన టొయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్‌ను, దాని కవల అయిన మారుతి సుజుకి గ్రాండ్ విటారాను చూడండి. ఒక రకంలో నాలుగు సిలిండర్ల 1462 సీసీ ఇంజిన్ ఉంటుంది. దానికి చిన్న మోటారు కాస్త చేయూతనిస్తుంది, అంతే. దీనిని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. ఇందులో 5 గేర్ల మాన్యువల్ గానీ, 6 గేర్ల ఆటోమేటిక్ గానీ ఉంటుంది. రెండవ రకంలో మూడు సిలిండర్ల 1490 సీసీ ఇంజిన్‌తో పాటు బలమైన విద్యుత్ మోటారు ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉండగానే బండి కొంత దూరం నడుస్తుంది. ఇది స్ట్రాంగ్ హైబ్రిడ్. అమ్మేవారు రెండింటినీ హైబ్రిడ్ అనే చెబుతారు. కనుక ఆర్.సి., ఇన్‌వాయిస్ కాగితాలు చూసి ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

ఈ బండ్ల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మనం ఎరిగిన అర్థంలో గేర్లు మారవు. ఇంజిన్, రెండు మోటార్లు, చక్రాలు ఒకే పళ్లచక్రాల కూటమితో ముడిపడి ఉంటాయి. నడిమి పళ్లచక్రం ఒక మోటారుది. దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలను మోసే చట్రం ఇంజిన్‌ది. వెలుపలి వలయం బండి చక్రాల వైపు పోతుంది. రెండవ మోటారు బలం కూడా అటే చేరుతుంది. మొదటి మోటారు వేగాన్ని కంప్యూటర్ పెంచుతూ తగ్గిస్తూ ఇంజిన్‌ను తగిన వేగంలో నిలుపుతుంది. పళ్లు ఎల్లప్పుడూ కలిసే ఉంటాయి; ఒకటో గేరు నుంచి రెండో గేరుకు దూకడం అనేదే లేదు. 1997లో జపాన్‌లో టొయోటా ప్రియస్‌తో మొదలైన ఏర్పాటు ఇదే. ఇటువంటి బండి గురించి ఎవరైనా "గేరు మారేటప్పుడు కొడుతోంది" అంటే, వారు ఆ యంత్రాన్ని ఇంకా ఎరుగరని అర్థం.

మైల్డ్ హైబ్రిడ్ ఆటోమేటిక్‌లో గేర్లు నిజంగానే మారతాయి. అక్కడ గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గినా, పాడైనా, కంపెనీ చెప్పిన రకం కాకుండా వేరేది పోసినా కుదుపు రావచ్చు. గల్ఫ్‌లో ఉన్న మన సోదరులు కియా నిరో హైబ్రిడ్ వంటివి కొంటే, అందులో 6 గేర్ల డబుల్ క్లచ్ పెట్టె ఉంటుంది. అక్కడ క్లచ్ అరుగుదలను కూడా అనుమానించాలి. ఒక బండికి చెప్పిన మందు మరొక బండికి పనికిరాదు.

సాక్ష్యం సేకరించండి

ఒక చిన్న పుస్తకం బండిలో పెట్టండి. వారం రోజులు, కుదుపు వచ్చిన ప్రతిసారీ పక్కన కూర్చున్న వారి చేత ఈ వివరాలు రాయించండి: వేగం ఎంత? ఇంజిన్ నడుస్తోందా, ఆగి ఉందా? కాలు ఏ పెడల్‌పై ఉంది? బండి అప్పుడే తీసినదా, వేడెక్కినదా? చదును దారా, ఎత్తా, పల్లమా? ఈ కాగితం మెకానిక్‌కు ఇచ్చి, ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని కుదుపు వచ్చే చోటికే తీసుకువెళ్లండి.

స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే ఒక సులభమైన పరీక్ష ఉంది. జనసంచారం లేని చదును దారిలో ఇంజిన్ ఆగి ఉన్న స్థితిలో, కేవలం మోటారుతో నెమ్మదిగా నడపండి. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా అదే దారిలో వెళ్లండి.

ఇంజిన్ నడిచేటప్పుడే, లేదా అది మేల్కొనే క్షణంలోనే కుదుపు వస్తే అనుమానం ఇంజిన్ వైపు పోవాలి. స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు, మసి పట్టిన గాలిమార్గం, పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు, ఇంజిన్‌కు పళ్లచక్రాలకు నడుమ అదురును మింగే డ్యాంపర్ అనే స్ప్రింగుల పళ్లెం, వీటిని ఈ వరుసలో చూడాలి. మూడు సిలిండర్ల ఇంజిన్ లేచేటప్పుడు స్వల్పంగా అదరడం సహజమే; ఆ అదురు రోజురోజుకు పెరుగుతుంటేనే అది లోపం.

ఇంజిన్ ఆగి ఉన్నా కుదుపు వస్తే ఇంజిన్‌పై నింద తగదు. ఇరుసుల జాయింట్లు, మౌంటింగులు, ఒకదానికొకటి సరిపోలని టైర్లు చూడాలి.

బ్రేకు నొక్కి బండి ఆగబోతుండగా మాత్రమే కుదుపు వస్తే అది బ్రేకుల వ్యవహారం. హైబ్రిడ్‌లో మొదట మోటారే బండి వేగాన్ని లాగి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. చివరి కొద్దిపాటి వేగంలో ఆ పని మామూలు బ్రేకులకు అప్పగిస్తుంది. ఆ చేతులు మారే క్షణంలో చిన్న తడబాటు తెలుస్తుంది. బండి చాలాకాలం నిలిపి ఉంచితే బ్రేకు పళ్లేలకు తుప్పు పట్టి ఆ తడబాటు పెద్దదవుతుంది.

సహజమైన దానిని రోగమని భ్రమపడకూడదు. శ్రీశైలం ఘాట్ వంటి పొడవైన పల్లంలో బ్యాటరీ నిండిపోతే మోటారు ఇక శక్తిని తీసుకోలేదు. అప్పుడు కంప్యూటర్ ఇంజిన్‌ను తిప్పి బండిని ఆపుతుంది. ఇంజిన్ ఒక్కసారిగా హోరుమంటుంది. భయపడనక్కరలేదు.

తక్కువ ఖర్చు నుంచి ఎక్కువకు

మొదట టైర్ల గాలి, సైజు చూడండి. తరువాత 12 వోల్టుల చిన్న బ్యాటరీ. బండిలోని కంప్యూటర్లన్నీ దానిపైనే ఆధారపడతాయి. అది బలహీనపడితే సంబంధం లేని హెచ్చరిక దీపాలు వెలుగుతాయి. ఆపైన గాలి ఫిల్టరు, ఇన్వర్టర్ కూలెంట్ మట్టం. కొన్ని బండ్లలో ఇన్వర్టర్‌కు వేరే డబ్బా ఉంటుంది. ఇంజిన్ డబ్బా చూసి సరిపెట్టుకోకూడదు.

గృహిణులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. చాలా హైబ్రిడ్ వాహనాల్లో పెద్ద బ్యాటరీని చల్లబరచే గాలి వెనుక సీటు పక్కనో కిందనో ఉన్న జాలీ గుండా లోపలికి పోతుంది. ప్రయాణంలో దుప్పట్లు, జానమాజులు, పిల్లల సంచులు దానికి అడ్డంగా పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది. అప్పుడు కంప్యూటర్ బలాన్ని తగ్గించి ఇస్తుంది. నడిపేవారికి అది బండి తడబడినట్లు తోస్తుంది. జాలీని ఖాళీగా ఉంచి, దుమ్ము పట్టిన ఫిల్టరును శుభ్రం చేయిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉంటే స్కానర్ పెట్టించండి. అయితే మామూలు చవక స్కానర్ ఇంజిన్ కోడ్లు మాత్రమే చదువుతుంది. హైబ్రిడ్ విభాగాన్ని కూడా చదివే పరికరం ఉన్నచోటికే వెళ్లాలి. పి0300 వస్తే సిలిండర్లలో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. పి0ఏ80 వస్తే పెద్ద బ్యాటరీని పరీక్షించాలి. టొయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తోంది. కనుక చేతి డబ్బు పెట్టేముందు వారంటీ కాగితం తీయండి. గేర్‌బాక్స్ విప్పే మాట అన్నిటికంటే చివరిది.

నారింజ రంగు తీగలను మాత్రం ఇంట్లో ఎవరూ తాకకూడదు. వాటిలో ప్రాణం తీసే వోల్టేజి ప్రవహిస్తుంది. ఎర్రని హెచ్చరిక దీపం వెలిగి బండి బలం తగ్గిపోతే, దారి పక్కన సురక్షితంగా ఆపి తోలుడు బండిని పిలవండి.

అమ్మేవారి బాధ్యత, కొనేవారి హక్కు

ఇక అసలు బాధ పుట్టే చోటు. కొందరు అమ్మే ముందురోజు స్కానర్‌తో కోడ్లన్నీ చెరిపేస్తారు. దీపాలు ఆరిపోతాయి, లోపం అలాగే ఉంటుంది. దీనిని పట్టుకునే మార్గం ఉంది. కోడ్లు చెరిపితే బండి స్వయంగా చేసుకునే పరీక్షలు 'పూర్తి కాలేదు' అని స్కానర్‌లో కనిపిస్తాయి. కొన్నాళ్లు నడిపితేగాని అవి పూర్తికావు. కొనే ముందు ఆ పేజీ చూపించమని అడగండి. చిన్న బ్యాటరీ మార్చినా అలాగే కనిపించవచ్చు. అందుచేత నిందించకుండా, మరికొన్ని రోజులు నడిచాక మళ్లీ చూద్దామని చెప్పండి. వరదలో మునిగిన బండ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఎన్నో వాహనాలను ముంచింది. నీరు చేరిన కనెక్టర్లు నెలల తరువాత తుప్పుపట్టి కుదుపులు పుట్టిస్తాయి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర, సర్వీస్ చరిత్ర రెండూ అడగాలి.

దైవప్రవక్త (స) అంగడిలో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగలగా, ఆ తడిసిన దానిని జనులకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని మందలించిన సంగతి మీకు తెలిసినదే. చెరిపేసిన కోడ్ కింద దాగిన లోపం ఆ తడిధాన్యం వంటిదే. కుదుపు ఉందని తెలిసి అమ్మేవారు ఆ మాట చెప్పి, దానికి తగిన ధర పుచ్చుకోవాలి. ధర తగ్గించడానికి లేని లోపాన్ని కల్పించే కొనుగోలుదారు చేసేది కూడా మోసమే.

ధర్మశాస్త్రంలో దీనిని 'ఖియారె ఐబ్' అంటారు. బేరం నాటికే ఉన్న లోపం, కొన్నవారికి తెలియనిది, తరువాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు వారికి ఉంటుంది. అయితే లోపం తెలిసిన తరువాత కూడా బండిని తమదిగానే వాడుకుంటూ పోతే, దానిని సమ్మతిగా పరిగణించే అవకాశం ఉంది. కనుక లోపం తేలగానే అమ్మినవారికి రాతపూర్వకంగా తెలియజేయండి. మీ సందర్భానికి వర్తించే మస్అలాను స్థానిక ముఫ్తీ గారిని అడగండి.

ఆ తెలియజేయడానికి కూడా పైన చెప్పిన పుస్తకమే ఆధారం. ఏ రోజు, ఏ వేగంలో, ఏ స్థితిలో కుదుపు వచ్చిందో రాసి ఉంటే అమ్మినవారు తేలికగా కొట్టిపారేయలేరు, మెకానిక్ ఊహతో బిల్లు వేయలేడు, మీరూ ఎవరినీ అన్యాయంగా అనుమానించరు. ఈ వారమే ఆ పుస్తకం మొదలుపెట్టండి. మీ ప్రయాణాలను అల్లాహ్ క్షేమంగా చేయుగాక. ఆమీన్.