రంగూన్ ఆసుపత్రి దాకా దారేదీ?

యుద్ధంలో గాయపడ్డవాళ్ళ మాట వస్తే, డాక్టర్లు చాలడం లేదనీ మందులు అందడం లేదనీ అనుకుంటాం. యాంగోన్ సంగతి చూస్తే నాకు మరొకటి తోస్తోంది. మయన్మార్ లోని ఆ నగరంలో పెద్ద ఆసుపత్రులున్నాయి, చేయి తిరిగిన సర్జన్లున్నారు. లేనిదల్లా గాయపడ్డ మనిషి ఆపరేషన్ బల్ల దాకా భయం లేకుండా చేరే దారి.

మన పెద్దలు రంగం అని పిలిచిన ఊరు ఇది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్ళు కావడంతో అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలన్నారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె ముగియగానే చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. 1941 డిసెంబరు 23 న జపాన్ విమానాలు బాంబులు వేశాక భారతీయులు వేల సంఖ్యలో ప్రోమ్ రోడ్డు పట్టి నడిచారు. రేవులో మోసేవాళ్ళూ వీధులు ఊడ్చేవాళ్ళూ ఎక్కువగా వాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోవడంతో నగరమే స్తంభించిపోయింది. ఆసుపత్రి అంటే సర్జన్ ఒక్కడే కాదు, దాని వెనక ఒక ఊరంతా పనిచేయాలి.

ఊరు నడుస్తున్నా ఆసుపత్రికి రక్షణ లేకపోతే ఏమవుతుందో 1988 లో తేలింది. ఆ ఏడాది ఆగస్టు 10 న సైనికులు రంగూన్ జనరల్ ఆసుపత్రి మీదే కాల్పులు జరిపారు. నర్సులు గాయపడ్డారు. 1911 నాటి ఆ ఎర్ర ఇటుకల భవనం అంతవరకూ అందరికీ దిక్కు.

2021 ఫిబ్రవరి 1 న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అదే కథ మరింత పకడ్బందీగా జరిగింది. రెండు రోజుల్లోనే ప్రభుత్వ వైద్యులు సహాయ నిరాకరణ మొదలుపెట్టారు. మార్చి 3 న ఉత్తర ఒక్కలాపలో అంబులెన్స్ సిబ్బందిని బలగాలు తుపాకీ మడమలతో కొట్టిన దృశ్యాలు కెమెరాకు చిక్కి ప్రపంచమంతా తిరిగాయి. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రుల ఆవరణల్లో సైనికులు మకాం వేశారు. మార్చి 14 న నది అవతల ఉన్న కార్మికవాడ లైంగ్ థాయాలో కనీసం 65 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్కగట్టింది. ఆ వాడ నుంచి నగరంలోకి రావాలంటే వంతెనలు దాటాలి. కాల్పుల మధ్య ఆ కొద్ది మైళ్ళే ప్రాణానికీ చావుకీ మధ్య దూరం.

అత్యవసర వైద్యం చేసే నాలాంటివాళ్ళకు ఇందులో అసలు లెక్క తెలుసు. కాలికి తూటా తగిలితే బిగించి కట్టు కట్టి రక్తం ఆపవచ్చు. ఊపిరితిత్తి దగ్గర గాలీ రక్తమూ చేరితే గొట్టం వేయవచ్చు. ఇవి చిన్న గదిలో కూడా చేయగలం. కడుపులో తూటా దిగితే మాత్రం మత్తు డాక్టరు, రక్తం సీసాలు, కరెంటు, ఆపరేషన్ తర్వాత ఐసియు మంచం, ఇన్నీ కావాలి. రహస్య క్లినిక్ లో అవి ఎక్కడివి? ఆసుపత్రికి వెళితే అరెస్టు చేస్తారన్న భయంతో మనిషి ఇంట్లోనే ఉండిపోతే, బాగుచేయగల గాయమే ప్రాణం తీస్తుంది.

మరి డాక్టర్లు సమ్మె చేయడం సబబేనా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. దాని భారం పేదల మీద కూడా పడింది. 2021 జులైలో కోవిడ్ విజృంభించి ఆక్సిజన్ దొరకక జనం ఇళ్ళలోనే పోయారు. కానీ ఆ డాక్టర్లలో చాలామంది వదిలింది సర్కారీ కొలువునే, రోగులను కాదు. ధర్మ క్లినిక్ లలో వైద్యం చేశారు. వాళ్ళ మీద శిక్షాస్మృతి 505(ఏ) కింద కేసులు పెట్టి వెంటాడింది ప్రభుత్వం. రోగికి రెండు తలుపులూ మూసుకుపోయాయంటే, రెండో తలుపు మూసినవాడు ఎవడో స్పష్టంగా చెప్పాలి.

చట్టాలకు కొదవ లేదు. గాయపడ్డవాళ్ళను ఏ పక్షమని చూడకుండా చేరదీయాలని 1949 జెనీవా ఒప్పందాల మూడో అధికరణం చెబుతుంది. మయన్మార్ 1992 లో వాటిలో చేరింది. వీధుల్లో నిరసనలను అణచినప్పుడు ఆ ఒప్పందాలు వర్తిస్తాయా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. నెత్తురోడుతున్నవాడికి వైద్యం చేయడం నేరం కాదనడానికి ఆ వాదన తేలేదాకా ఆగాలా? వైద్యసేవలను కాపాడాలని భద్రతా మండలి 2016 మే లో 2286 తీర్మానం ఏకగ్రీవంగా చేసింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

మనలో డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు వేలమంది ఉన్నారు. దేశం విడిచి వచ్చిన మయన్మార్ వైద్యులు ఇక్కడి పరీక్షలకు కుస్తీ పడుతుంటే దారి చూపడం మనకు తెలిసిన పనే, మనమూ ఆ దారిన వచ్చినవాళ్ళమే. రక్తస్రావం ఆపడం మామూలు జనానికి నేర్పే స్టాప్ ద బ్లీడ్ కార్యక్రమం అమెరికాలో 2015 నుంచీ ఉంది. అలాంటి పాఠాలను బర్మీస్ లోకి తేవడానికి తోడ్పడవచ్చు. అన్నిటికన్నా ముందు, ఢిల్లీలోనూ వాషింగ్టన్ లోనూ మన ప్రతినిధులను కలిసినప్పుడు మందుల పెట్టెల గురించే కాక ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ తుపాకీ గురించి కూడా అడగాలి. అది తొలగనిదే ఎంత మంచి సర్జన్ ఉన్నా గాయపడ్డవాడికి దక్కడు.