పీలింగ్‌తో తెల్లబడతామా?



పెండ్లి కుదిరిన అమ్మాయిలు, వారి తల్లులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. పట్నంలో బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద కెమికల్ పీల్ అనే మాట కనబడుతోంది గనుక ఈ నెల దాని సంగతి చూద్దాం.

ముఖానికి ఆమ్లం పూసి చర్మం పైపొర ఊడిపోయేటట్లు చేయడమే పీల్. గ్లైకాలిక్ ఆమ్లం చెరకులో ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం మన పెరుగులోనిదే. అయితే సీసాలో ఉన్నది ఎంతో గాఢమైనది. డాక్టరు గడియారం చూసుకుంటూ నిమిషాల లెక్కన ఉంచి తీసివేస్తారు. లెక్క తప్పితే కాలుతుంది. తర్వాత కొద్ది రోజులు ముఖం పొట్టు రాలుతుంది. రెండు మూడు వారాలకొకసారి చొప్పున పలుమార్లు చేయించుకోవాలి.

మొటిమలకు, అవి వదిలిన నల్లమచ్చలకు, కొంతవరకు మంగుకు దీనివలన మేలు కలుగుతుంది. మంగు ఎండ తగిలితే మళ్లీ వస్తుంది. పుట్టుకతో వచ్చిన రంగు మాత్రం మారదు. ఆ రంగు పదార్థాన్ని చర్మం లోపల ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూనే ఉంటుంది.

మన చామనఛాయ చర్మానికి ఒక స్వభావం ఉన్నది. పొయ్యి దగ్గర నూనె చిందిన చోట నెలల తరబడి నల్లమచ్చ నిలిచిపోవడం మీరు చూసే ఉంటారు. పీల్ మోతాదు మించినా, చేసిన వెంటనే ఎండ తగిలినా ముఖమంతా అదే జరుగవచ్చు. అందుకే డాక్టర్లు ముందు కొన్ని వారాలు పూతమందులిచ్చి చర్మాన్ని సిద్ధపరుస్తారు. తర్వాత ప్రతిదినం సన్‌స్క్రీన్ రాయమంటారు. నాట్లకు, మిరప కోతలకు పోవలసిన అమ్మాయికి ఇది సాధ్యమా? ఎండలో పని తప్పనివారు దీని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెండ్లి పది రోజులుందనగా పార్లరుకు పరుగెత్తడం మరీ ప్రమాదం.

అంతకన్నా నన్ను భయపెట్టేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. మొదటి నెల ముఖం నిగనిగలాడుతుంది. ఆ తర్వాత చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానివేస్తే మంట. స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా పల్లెల్లో అడిగితే ఇస్తూనే ఉన్నారు.

పీల్ అవసరమే అనుకుంటే చర్మవ్యాధుల డాక్టరుకే చూపించండి. గుంటూరు, విశాఖపట్నం, వరంగల్ ప్రభుత్వ పెద్దాసుపత్రులలో ఆ విభాగం ఉన్నది. గర్భవతి అయినా, పాలిచ్చే తల్లి అయినా, పెదవుల మీద తరచు జ్వరపు పొక్కులు లేచేవారైనా ముందే చెప్పాలి.

పొట్టు రాలుతుండగా గోళ్లతో లాగవద్దు. ఆ వారం నిమ్మరసం, సున్నిపిండి ముఖానికి తగలనీయకండి. బొబ్బలు లేచినా, చీము పట్టినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి.