వెల్లుల్లి వలిస్తే వేళ్లు పగులుతున్నాయి!

ప్రశ్న: నా వయసు 38. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంటాను. రెండేళ్లుగా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు ఎండిపోయి పగులుతున్నాయి. ఉప్పూకారం తగిలితే ప్రాణం పోయినట్టుంటోంది. పాదాల మీద రబ్బరు చెప్పుల పట్టీ ఆనేచోట కూడా నల్లబడి దురద పెడుతోంది. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే వారంలో తగ్గి, మానేయగానే మళ్లీ వస్తోంది. ఇది అంటుకుంటుందా? ఈ పని మానుకోవాల్సిందేనా?
- ఓ సోదరి, తణుకు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఎగ్జిమాలాగా ఉంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. కాబట్టి ఆ భయం వదిలేయండి.

మీ ఉత్తరంలోనే కారణం దొరుకుతోంది. కుడిచేత్తో కత్తి పట్టేవాళ్లు వెల్లుల్లి రెబ్బని ఎడమచేతి మూడువేళ్ల మధ్య పట్టుకుంటారు. మీకు పగిలిందీ సరిగ్గా అక్కడే. వెల్లుల్లిలో ఉండే డయల్లైల్ డైసల్ఫైడ్ అనే పదార్థం కొందరికి పడదు. అలాగే చెప్పుల రబ్బరులో కలిపే రసాయనాలు పడకపోతే పట్టీ ఆనినంత మేరా దురద, నలుపు వస్తాయి. ఈ రెండూ ఉన్నంతకాలం ఏ క్రీము రాసినా తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది.

మానాల్సింది పచ్చళ్ల పని కాదు, వెల్లుల్లి వలవడం. ఆ ఒక్క పనీ ఇంట్లో మరొకరికి అప్పగించండి. వెల్లుల్లి రసం తొడుగుల్లోంచి కూడా లోపలికి దిగుతుంది కనుక వాటిని నమ్ముకోవద్దు. గిన్నెలు తోమేటప్పుడు, కారం కలిపేటప్పుడు మాత్రం తొడుగులు తప్పనిసరి. అయితే రబ్బరువి వద్దు. లోపల పలుచటి నూలు తొడుగు, పైన వినైల్ తొడుగు వేసుకోండి. లోపల తడిస్తే వెంటనే మార్చండి. చెప్పులు కూడా రబ్బరువి కాకుండా వేరేవి వాడి చూడండి.

చేతులు వేణ్నీళ్లతో కాక మామూలు నీళ్లతో కడుక్కోండి. ఉంగరాలు తీసేయండి. వాటి కింద సబ్బు నిలుస్తుంది. కడిగిన ప్రతిసారీ మెత్తగా తుడుచుకుని, ఆ చెమ్మ మీదే వాసనల్లేని మాయిశ్చరైజర్ రాయాలి. రాత్రి పడుకునేముందు పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి చేతులకు నూలు తొడుగులు, కాళ్లకు నూలు మేజోళ్లు వేసుకుంటే పగుళ్లు త్వరగా పూడుకుంటాయి.

షాపులో ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో బలమైన స్టిరాయిడ్ ఉంటుంది. అరచేతులకు ఒక్కోసారి అది అవసరమే. కానీ ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పాలి. ఇష్టానుసారం వాడితే చర్మం పలుచబడుతుంది. పైగా చేతికీ పాదాలకూ వచ్చింది తామర అయితే స్టిరాయిడ్‌తో అది మరింత పాకుతుంది. సోరియాసిస్ కూడా చూడటానికి ఇలాగే ఉండొచ్చు. కాబట్టి ఒకసారి చర్మవైద్యుల్ని కలవండి. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తామర సంగతి తేలుతుంది. ఏది పడదో తెలుసుకోవడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది. వీపు మీద చిన్నచిన్న పట్టీలు అంటించి రెండురోజుల తర్వాత తీసి చూస్తారు. మరో ఒకట్రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అంతేగానీ పచ్చి వెల్లుల్లిని మీరే చర్మానికి కట్టి పరీక్షించుకోవద్దు, బొబ్బలెక్కుతుంది.

వంకాయ, గోంగూర మానేయమని ఎవరైనా చెప్పి ఉంటారు. మీరు చెప్పిన తరహా ఎగ్జిమాకి సాధారణంగా ఆ పథ్యాలు అక్కర్లేదు. చీము పట్టినా, వాపు, జ్వరం వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి.

ఇంకొక్క మాట. పైకి మానినట్టు కనిపించినా చర్మం పూర్తిగా కోలుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. చాలామంది జాగ్రత్తలు వదిలేసేది అప్పుడే. ఈసారి ఆవకాయ రోజులు వచ్చినప్పుడు వేళ్లు బాగానే ఉన్నాయి కదా అని వెల్లుల్లి చాట ముందేసుకుని మాత్రం కూర్చోకండి!