వీడియో ఆడకపోతే తప్పు ఫైలుది కాదు

కంప్యూటర్లో ఏదైనా వీడియో తెరవగానే "ఈ ఫార్మాటు నాకు తెలీదు" అని ఓ డబ్బా ఎదురైతే మనవాళ్ళు చేసే పనులు మూడు. ఒకటి, ఫైలు పేరు చివరున్న తోక మార్చి చూడటం. రెండు, గూగులమ్మనడిగి మొదట కనిపించిన "కోడెక్ ప్యాక్" దించుకోవడం. మూడు, "ఫైలు పాడైపోయినట్టుందిలే" అనుకుని చెత్తబుట్టలో పడెయ్యడం. మొదటిదాంట్లో ప్రమాదం లేదు, ప్రయోజనమూ అంతంతమాత్రమే. రెండోదాని వల్ల కంప్యూటరుకి జబ్బు చెయ్యొచ్చు. మూడోదాని వల్ల పోయింది ఇక తిరిగి రాదు.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. మార్చాల్సింది ప్లేయరుని, ఫైలుని కాదు.

ముందు అసలు కిటుకేమిటో చూద్దాం. ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అని మనకి కనిపించేవన్నీ జాడీల పేర్లు. లోపలున్న పచ్చడి వేరే. బొమ్మని కుదించి దాచే పద్ధతిని కోడెక్ అంటారు. ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 లాంటివన్నీ ఆ బాపతే. శబ్దానికి మళ్ళీ వేరే కోడెక్. నిన్నటి ఎంపీ4 ఆడి, ఇవాళ్టి ఎంపీ4 మొరాయించడానికి కారణం ఇదే: జాడీలు ఒకటే, పచ్చళ్ళు వేరు. మాటలు వినిపిస్తూ బొమ్మ మాత్రం నల్లగా ఉందంటే, చాలాసార్లు మీ ప్లేయరుకి శబ్దపు కోడెక్ తెలుసు, బొమ్మ కోడెక్ తెలియదన్నమాట. జాడీ మీద చీటీ మార్చినంత మాత్రాన మాగాయ ఆవకాయైపోదు కదా.

చీటీ మారిస్తే పని జరిగే సందర్భం ఒకటుంది, మనవాళ్ళందరికీ పనికొచ్చేది. 90ల చివర్లో, 2000ల మొదట్లో మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళూ ఓణీల ఫంక్షన్లూ చాలావరకు వీసీడీల మీదకెక్కాయి. ఆ ప్రమాణం 1993 నాటిది. కంప్యూటర్లో పెట్టి చూస్తే "ఎంపెగ్ ఏవీ" అనే ఫోల్డరూ, అందులో "డాట్" అన్న తోకతో ఫైళ్ళూ ఉంటాయి. లోపలున్నది శుభ్రమైన ఎంపెగ్-1 వీడియో, 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. పాపం ఆ తోక చూసి చాలా ప్లేయర్లు అది వీడియో అనే అనుకోవు. తోకని "ఎంపీజీ" అని మారిస్తే కొన్ని గుర్తుపడతాయి. వీఎల్‌సీ ప్లేయరుకైతే ఆ మాత్రం మార్పు కూడా అక్కర్లేదు.

మరి మిగతావాటికి ఎందుకు చేతకాదు? సాంకేతికంగా కష్టమై కాదు, లెక్కల్లో కష్టమై. హెచ్.265 అనే కోడెక్ 2013లో వచ్చింది. దాని మీద పేటెంట్లున్నవాళ్ళు ఒకే గొడుగు కింద లేరు, వేర్వేరు కూటములుగా ఉన్నారు. 2017లో ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11తో కొత్త ఐఫోన్లలో వీడియోలని ఆ కోడెక్‌లోనే తియ్యడం మొదలెట్టారు. ఇటు మైక్రోసాఫ్టు వాళ్ళు విండోస్ 10కి అదే కోడెక్‌ని తమ స్టోరులో 99 సెంట్లకి అమ్మకానికి పెట్టారు. అంతకు ముందు 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు డీవీడీ ఆడించే సదుపాయాన్ని మామూలు మీడియా ప్లేయరులోంచి తీసేశారు. అప్పటిదాకా ఆడిన డిస్కు కొత్త కంప్యూటర్లో ఆడకపోతే, డిస్కు అరిగిపోయిందనుకున్నవాళ్ళు ఎంతమందో!

"99 సెంట్లకి ఇంత గొడవా, కొనుక్కుంటే పోలా?" అంటారు కొందరు మిత్రులు. పేటెంట్ ఉన్నవాడికి ఫీజు కట్టాల్సిందే, అది వ్యాపారం, కాదనను. నేను భయపడేది డబ్బు గురించి కాదు. ఇక్కడ మనవడి మొదటి అడుగులు ఫోనులో తీసి పంపిస్తాం. అక్కడ తెనాల్లో అమ్మమ్మ తెరిస్తే నల్లటి తెర, పక్కన కార్డు నంబరడిగే కిటికీ. ఆవిడ కార్డు తియ్యదు, ఫైలు తీసేస్తుంది. ఆ వీడియో మనది, తాళంచెవి మాత్రం ఇంకొకరి దగ్గరుంది. నా అభ్యంతరం అదీ.

తాళంచెవి మన చేతిలో పెట్టినవాళ్ళు లేకపోలేదు. వీఎల్‌సీ పుట్టిల్లు ఎకోల్ సెంత్రాల్ పారిస్ అనే ఇంజినీరింగు కాలేజీ. 1996లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో జీపీఎల్ లైసెన్సు కింద అందరిదీ అయింది. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ దానికి పెద్ద అండ. ఈ ప్లేయరు కోడెక్‌ల కోసం విండోస్‌ని దేబిరించదు, తన సామాను తనే మోసుకొస్తుంది. అందుకే విడిగా కోడెక్ ప్యాకుల అవసరం చాలామందికి ఇక లేదు.

పైగా ఆ ప్యాకుల పేరుతో తిరిగే దొంగలు పాతకాపులు. 2005 ప్రాంతంలో "జ్లాబ్" అనే ట్రోజన్ సరిగ్గా ఈ వేషంలోనే వచ్చింది: "ఈ వీడియో చూడాలంటే ఈ కోడెక్ దించుకోండి" అని. ఇప్పటికీ ఏ సైటైనా ఆ మాటంటే కిటికీ మూసెయ్యండి.

ఇంక ఆచరణకొస్తే, నేను నాన్నగారికీ బాబాయిలకీ ఫోన్లో చెప్పేది ఇదే. వీఎల్‌సీని వీడియోల్యాన్ వాళ్ళ సొంత సైటు నుంచే దించుకోండి. ఫైలు అందులో తెరిచి, కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే లోపలున్న పచ్చడేదో అదే చెప్తుంది. కంప్యూటర్లో ఆడి, టీవీలో ఆడకపోతే వెంటనే "కన్వర్టు" జోలికి పోకండి. లోపలున్నది హెచ్.264 అయి, జాడీ మాత్రమే టీవీకి నచ్చకపోతే, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో బొమ్మని ముట్టుకోకుండా జాడీ ఒక్కటే మార్చొచ్చు. చాలాసార్లు సెకన్లలో పని, నాణ్యత వీసమెత్తు తగ్గదు. కన్వర్టు చెయ్యడమంటే జెరాక్సుకి జెరాక్సు తియ్యడం. ప్రతిసారీ కాస్త మసకబారుతుంది. తప్పనిసరైతే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్టువేరుతో చెయ్యండి, అసలు ఫైలుని మాత్రం చెరపకండి. ఇవాళ ఆడని ఫైలు రేపు ఇంకో ప్లేయర్లో ఆడొచ్చు. చెరిపేసింది ఎందులోనూ ఆడదు.

వీసీడీల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. మామూలు డేటా సీడీలో గీతలు పడితే సరిదిద్దుకోవడానికి అదనంగా కొంత జాగా కేటాయిస్తారు. వీసీడీలో ఆ జాగాలో చాలావరకు బొమ్మకే వాడేశారు, 74 నిమిషాల వీడియో పట్టాలి కదా మరి! అందుకే గీతలు పడితే కాపీ మధ్యలో ఆగిపోవచ్చు. ఇప్పటి లాప్‌టాపుల్లో చాలావాటికి సీడీ పెట్టే చోటే లేదు, యూఎస్‌బీ డ్రైవు ఒకటి విడిగా కొనాలి.

కాబట్టి ఈసారి ఇంటికెళ్ళినప్పుడు సూట్‌కేసులో ఆ డ్రైవు ఒకటి పడెయ్యండి. బీరువా పై అరలో, పెళ్ళి ఆల్బం పక్కన, ఆ డిస్కులు ఉండే ఉంటాయి. ముందు కాపీ చేసుకోండి. ఆడుతుందో లేదో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.