డ్యాష్‌ని తిట్టకండి

2006 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 6.10లో ‘ఎస్‌హెచ్’ అన్న పేరు వెనక ఉండే బ్యాష్‌ని తీసేసి డ్యాష్‌ని కూర్చోబెట్టారు, బూటింగు తొందరగా అవుతుందని. 2011లో డెబియన్ 6.0 కూడా అదే దారి పట్టింది. అప్పట్నించీ ఒకటే పాట: "డ్యాష్ మా స్క్రిప్టుల్ని పాడుచేసింది". నేనొప్పుకోను. పాడుచేసింది రాసినవాళ్ళేనండీ.

స్క్రిప్టు మొదటి వరసలో ఎస్‌హెచ్ అని రాశామంటే, ఇది పాజిక్స్ ప్రమాణం ప్రకారం ఉంది, ఆ ప్రమాణం పాటించే ఏ షెల్లయినా నడపొచ్చు అని మాటిచ్చినట్టు. ఆ కిందే రెండేసి స్క్వేర్ బ్రాకెట్లూ, ఎర్రేలూ వాడితే అది బ్యాష్ స్క్రిప్టు. డబ్బా మీద పంచదార అని రాసి లోపల ఉప్పు పోసినట్టు. బ్యాష్‌ని ఎస్‌హెచ్ పేరుతో పిలిచినా తన సొంత విద్యలు చాలావరకు మానదు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

ఎర్రరొచ్చి ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా నడిచేవాటితోనే చిక్కు. యాంపర్సాండు పక్కనే గ్రేటర్‌దేన్ గుర్తు పెట్టారనుకోండి. అవుట్‌పుట్టూ, ఎర్రర్లూ రెండూ ఈ ఫైల్లోకి పంపమని బ్యాష్ అర్థం చేసుకుంటుంది. డ్యాష్ దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది: కమాండుని బ్యాక్‌గ్రౌండులో వదిలెయ్, తర్వాత ఆ ఫైలుని ఖాళీ చెయ్. ప్రమాణం ప్రకారం డ్యాష్ చదివిందే సరి.

ఒక క్లయింటు బ్యాకప్ స్క్రిప్టులో సరిగ్గా ఇదే చూశాను. సర్వరు మార్చారు, ఎస్‌హెచ్ డ్యాష్ అయింది. డేటాబేస్ డంపు ఇంకా నడుస్తూండగానే తర్వాతి వరస దాన్ని కంప్రెస్ చేసి దాచేసేది. లాగ్ ఫైలు రోజూ ఖాళీ. ఖాళీ అంటే ఎర్రర్లు లేవని సంతోషించారు! రీస్టోర్ చెయ్యాల్సొచ్చిన రోజున తెలిసింది, దాచినవన్నీ సగం సగమేనని.

"బ్యాష్ అన్నిచోట్లా ఉంటుందిగా" అంటారు. ఉండదు. కంటెయినర్లలో వాడే ఆల్పైన్‌లో మామూలుగా ఉండేది బిజీబాక్స్ యాష్. బ్యాష్ లైసెన్సు జీపీఎల్ 3కి మారాక ఆపిల్ కొత్తది తీసుకోలేదు. మ్యాక్‌తో వచ్చేది ఇప్పటికీ 3.2నే. బ్యాష్ 4లో వచ్చిన అసోసియేటివ్ ఎర్రేలు అందులో లేవు. 2019 నుంచీ అక్కడ డిఫాల్ట్ షెల్లు జెడ్‌షెల్.

బ్యాష్ వాడొద్దనట్లేదు. శుభ్రంగా వాడండి, మొదటి వరసలో బ్యాష్ అని రాసి మరీ వాడండి. కాదూ ఎస్‌హెచ్ అనే రాస్తామంటారా, షెల్‌చెక్‌తోనో చెక్‌బ్యాషిజమ్స్‌తోనో ఒకసారి చూసుకుని, డ్యాష్ మీద నడిపి పంపండి. రెండు నిముషాల పని. "మా మెషీన్లో నడిచింది" అన్నది మీ మెషీన్‌కిచ్చే సర్టిఫికెట్టు, మీ స్క్రిప్టుకి కాదు.